మేడ పోయింది, సొరంగం మిగిలింది

చిన్నూ, బంగారూ,

మొన్న వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి అడిగారు కదా, ఆ ఫోటోలో చీకటి గుహ ముందు నిలబడి ఎందుకలా చూస్తున్నావు అమ్మమ్మా అని. చెప్పేలోపే మీ అమ్మ హోంవర్క్ అంటూ ఫోన్ లాక్కుంది. అది గుహ కాదర్రా, సొరంగం. దాని సంగతి తెలియాలంటే ముందు ఆ ఊరి సంగతి తెలియాలి, కాబట్టి ఓపిగ్గా చదవండి, ఒక్క రోజులో అవ్వకపోతే రెండు రోజులు చదవండి, పరీక్షేం పెట్టను.

ఊరి పేరు బాయిల్. మీ అమ్మ పాలు బాయిల్ చేస్తుందే, పలకడం అచ్చం అలాగే. పేరులో ఉన్న వేడి ఊళ్ళో ఎక్కడా లేదు, మే నెలలో కూడా నేను శాలువా తియ్యలేదు. ఐర్లాండ్‌లో రాస్కామన్ అనే జిల్లాలో ఉంది. డబ్లిన్‌లో కనోలీ స్టేషన్‌కి వెళ్ళి స్లైగో బండి ఎక్కితే రెండున్నర గంటలు. మీ మామయ్య కారులో వెళ్దామన్నాడు కానీ నేనే రైలన్నాను, కిటికీ పక్కన కూర్చుని గొర్రెల్ని లెక్కపెట్టుకుంటూ వెళ్ళచ్చని. మూడొందల దగ్గర నిద్రపోయాను.

బాయిల్ ఒక సంత ఊరు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పండించింది, పెంచింది తెచ్చి అమ్ముకుని, ఉప్పూ చెప్పులూ కొనుక్కుని వెళ్ళే ఊరన్నమాట. ఐర్లాండ్‌లో ఇలాంటి ఊళ్ళలో పాతరోజుల్లో పశువుల సంత నడివీధిలోనే జరిగేదట, ఇళ్ళ గుమ్మాల ముందే ఆవులూ దూడలూ నిలబడేవి. ఇప్పుడు పశువుల్లేవు. శనివారం పొద్దున కింగ్ హౌస్ అనే పెద్ద భవనం దగ్గర రైతులు బల్లలు వేసుకుని కూర్చుంటారు. తేనె, గుడ్లు, క్యాబేజీలు, ఇంట్లో చేసిన బ్రౌన్ బ్రెడ్. నేను అలవాటుకొద్దీ బేరమాడబోతే మామయ్య నా చెయ్యి పట్టుకుని లాగేశాడు.

ఈ కింగ్ హౌస్ అంటే రాజుగారి ఇల్లు కాదు, కింగ్ అనేది ఒక జమీందారీ కుటుంబం ఇంటిపేరు. 1730 ప్రాంతంలో కట్టుకున్నారు. తర్వాత వాళ్ళకి చెరువు గట్టున ఇంకా పెద్ద మేడ కావాలనిపించి దీన్ని సైన్యానికి ఇచ్చేశారు, అప్పుడిది కనాట్ రేంజర్స్ అనే రెజిమెంట్ బ్యారక్స్ అయింది. ఇక్కడ మాత్రం జాగ్రత్తగా వినండి, కథ మన దేశానికి వస్తోంది. అప్పట్లో ఐర్లాండ్ కూడా మనలాగే బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉండేది. వాళ్ళు ఐర్లాండ్ కుర్రాళ్ళే, కానీ బ్రిటిష్ సైన్యంలో జీతానికి పనిచేసేవాళ్ళు. 1920లో వాళ్ళలో ఒక బెటాలియన్ పంజాబ్‌లో జలంధర్‌లో ఉంది. ఇంటి దగ్గర తమ ఊళ్ళ మీద బ్రిటిష్ బలగాలు చేస్తున్న అఘాయిత్యాల కబుర్లు తెలిశాయి. జూన్ 28న కొంతమంది మేం ఇంక మీకోసం పనిచెయ్యం అని ఎదురు తిరిగారు. ఆ తర్వాత హిమాచల్ కొండల్లో సోలన్‌లో ఉన్నవాళ్ళూ తిరగబడ్డారు. అక్కడ ముందు నిలబడిన జేమ్స్ డేలీ అనే కుర్రాణ్ణి నవంబర్ 2న దగ్‌షాయిలో కాల్చి చంపారు. యాభై ఏళ్ళ తర్వాత, 1970లో గానీ అతని అస్థికలు సొంత దేశం చేరలేదు. మనల్ని అణచడానికి మన దేశానికి పంపిన సైనికుడు తన దేశం కోసం మన కొండల్లో చచ్చిపోయాడు. కింగ్ హౌస్ ఇప్పుడు మ్యూజియం, అందులో ఆ రెజిమెంట్ గదిలో నేను చాలాసేపు కూర్చుండిపోయాను, మామయ్య ఈలోపు రెండు కాఫీలు తాగాడు.

నది ఒడ్డున మఠం ఉంది. 1161లో సిస్టర్షియన్లు అనే సన్యాసులు మొదలుపెట్టారు. తక్కువ మాట్లాడతారు, సొంత చేతులతో పొలం పని చేసుకుంటారు, ఆడంబరాలు వాళ్ళకు పడవు. కట్టడం పూర్తవ్వడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. ఎలా తెలుస్తుందో చెప్పనా? లోపల నిలబడి అటూ ఇటూ చూడండి, ఒకవైపు కమానులన్నీ గుండ్రంగా ఉంటాయి, ఎదురువైపువి పైన మొన తేలి ఉంటాయి. ఇది కడుతూ ఉండగానే ఫ్యాషన్ మారిపోయింది! మొదట రాయి పెట్టిన తాపీమేస్త్రీ మనవడు చివరి రాయి పెట్టి ఉంటాడని నా ఊహ. ఆడంబరాలు వద్దన్న సన్యాసుల స్తంభాల మీద మనుషులూ జంతువులూ చెక్కి ఉన్నారు చూశారూ, శిల్పి చేతిని ఎవరాపగలరు. తర్వాత ఈ మఠంలో కూడా సైనికులు రెండొందల ఏళ్ళు కాపురముండి చాలా పాడుచేశారు.

ఊరికి మూడు నాలుగు కిలోమీటర్లలో లాఫ్ కీ. లాఫ్ అంటే సరస్సు. అందులో ముప్ఫైకి పైగా లంకలున్నాయి. ఒకదాని మీద కోట ఉంది, బొమ్మల పుస్తకంలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన మెక్‌డెర్మట్ల కోట ఉన్న చోటది, ఇప్పుడు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం జమీందార్లు సరదాకి కట్టించుకున్నది. ట్రినిటీ లంక మీద పాత మఠం ఉంది. ఈ సరస్సు పేరుతోనే ఒక పుస్తకం ఉంది, 1014 నుంచి 1590 వరకు ఏ ఏడు ఎవరు చచ్చారు, ఎవరు ఎవరి మీద పడ్డారు అని వరసగా రాసుకున్న చిట్టా. మన ఊళ్ళ కైఫీయత్తులు లేవూ, అలాంటిదే. అసలు ప్రతి డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీలో దాచారు.

ఆ ట్రినిటీ లంక మీదే ఊనా బాన్ అనే అమ్మాయి సమాధి ఉందంటారు. మెక్‌డెర్మట్ల పిల్ల. టొమాస్ కాస్టెల్లో అనే బలశాలిని ఇష్టపడింది, తండ్రి ఒప్పుకోలేదు, ఆమె మంచం పట్టింది. ఆ అబ్బాయి చూడ్డానికి వచ్చి, తిరిగి వెళ్తూ, ఏరు దాటేలోపు నన్ను వెనక్కి పిలవకపోతే మళ్ళీ ఈ గడప తొక్కను అని ఒట్టేసుకున్నాడు. నీళ్ళ మధ్య గుర్రం ఆపి చాలాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. అవతలి గట్టు ఎక్కాడు, ఎక్కిన మరుక్షణం కబురు వచ్చింది. ఒట్టు తప్పనన్నాడు. ఆమె దిగులుతో పోయింది, తర్వాత ఇతను రోజూ రాత్రి లంకకి ఈదుకుంటూ వెళ్ళి సమాధి దగ్గర కూర్చుని, జబ్బుపడి పోయాడు. పక్కపక్కనే పాతిపెడితే రెండు చెట్లు మొలిచి పెనవేసుకున్నాయని కథ. పడవలో అందరూ అయ్యో అన్నారు. నాకైతే ఒళ్ళు మండింది. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఏం పోయేది వెధవ పంతం కాకపోతే!

సరే, సొరంగం. కింగ్ కుటుంబం చెరువు గట్టున మేడ కావాలనుకున్నారని చెప్పాను కదా, ఆ చెరువు ఈ లాఫ్ కీయే, 1810 ప్రాంతంలో జాన్ నాష్ అనే వాస్తుశిల్పి చేత కట్టించారు, తర్వాత లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పని చేసింది ఈయనే. మేడ పేరు రాకింగ్‌హామ్. ఏ కిటికీలోంచి చూసినా చెట్లూ నీళ్ళే కనపడాలి. మరి పొయ్యిలోకి టర్ఫ్ మోసుకొచ్చే మనుషులు? టర్ఫ్ అంటే బురదనేలలోంచి కోసి ఎండబెట్టే మట్టి ఇటుకలు, మన పిడకల్లా మండుతాయి. అవి మోసేవాళ్ళు, సామాన్లు తెచ్చేవాళ్ళు దొరగారి కళ్ళకు అడ్డం రాకూడదు. అందుకని భూమి లోపల దారి తవ్వించారు, పనివాళ్ళు అందులోంచే రావాలి, పోవాలి.

అదే గట్టు చుట్టూ జనం ఎలా బతికారో కూడా చెప్పాలి. పండిన ధాన్యం కౌలుకి పోయేది, తినడానికి బంగాళాదుంప ఒక్కటే. 1845లో దుంపకి తెగులు వచ్చింది. రాస్కామన్‌లో 1841లో రెండున్నర లక్షలకు పైగా ఉన్న జనం 1851 నాటికి లక్షా డెబ్బై మూడు వేలయ్యారు. కొందరు ఆకలితో, జ్వరాలతో పోయారు, కొందరు ఓడలెక్కి వెళ్ళిపోయారు.

మేడ 1957లో కాలిపోయింది. తర్వాత గోడలు కూడా కూల్చేసి ఆ చోట సిమెంటు టవర్ ఒకటి కట్టారు, చూడ్డానికి బాగోదు కానీ పైకెక్కితే లంకలన్నీ కనిపిస్తాయి. దొరలు తిన్న గది లేదు, నాట్యమాడిన హాలు లేదు. సొరంగాలు మాత్రం రాయి చెదరకుండా ఉన్నాయి, ఎవరైనా నడవచ్చు. నేను నడిచాను. లోపల చల్లగా, తడిగా ఉంది, అడుగుల చప్పుడు తిరిగి మనకే వినిపిస్తుంది. బయటికొచ్చేసరికి ఎదురుగా సరస్సు మెరుస్తోంది, అప్పుడు తీసిందే ఆ ఫోటో.

నా చేతిలో ఉన్న కవరేంటని చిన్నూ అడిగాడు. బ్రౌన్ బ్రెడ్. మీకోసం దాద్దామనుకున్నాను, తిరుగు రైల్లో మామయ్యా నేనూ తినేశాం. వేసవిలో మీరొస్తారుగా, అప్పుడు కొంటాను. స్వెట్టర్లు పెట్టమని అమ్మకి చెప్పండి, వేసవే కదా అంటే వినకండి.

మీ అమ్మమ్మ