బ్లూగిల్ నోటికి తగిన ఎర

ఉత్తర అమెరికాలో గాలం పట్టడం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట పట్టే చేప చాలా సార్లు బ్లూగిలే అవుతుంది. అరచేతిలో ఇమిడే పరిమాణం, రెండు పక్కల నుంచి అదిమినట్టుండే గుండ్రని ఒళ్ళు, మొప్ప మూత చివర నల్లటి మచ్చ, దవడ కింద నీలి ఛాయ ఉండటం వల్ల దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. లెపోమిస్ మాక్రోకైరస్ అనే పేరుతో ప్రకృతి శాస్త్రవేత్త రాఫినెస్క్ దీన్ని 1819లో వర్ణించాడు. సన్‌ఫిష్ కుటుంబానికి చెందిన ఈ చేపను, దాని చుట్టాలైన పంప్కిన్‌సీడ్, రెడ్‌ఇయర్, క్రాపీలను, వేరే కుటుంబానికి చెందిన ఎల్లో పెర్చ్‌ను కలిపి అక్కడివారు పాన్‌ఫిష్ అని వ్యవహరిస్తారు. ఇవన్నీ పెనంలో పట్టే చేపలు.

సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకుని డల్లాస్ శివార్లలోని పార్కు చెరువుకో, షికాగో దగ్గరి సరస్సుకో వెళ్ళే తెలుగు కుటుంబాలకు కూడా ముందుగా పరిచయమయ్యేది ఈ చేపే. చిక్కు దుకాణంలో మొదలవుతుంది. గోడ నిండా వేలాడే కృత్రిమ ఎరల్లో పెద్ద భాగం బాస్ చేపను ఉద్దేశించి చేసినవి. వేలెడు పొడవుతో, మూడేసి కొక్కేలతో, మెరిసే కళ్ళతో అవి కొనేవారి చూపును ఇట్టే ఆకట్టుకుంటాయి. బ్లూగిల్ వాటిని వెంబడించవచ్చు, తోక దగ్గర పొడవవచ్చు, కాని నోట పట్టలేదు. అందుకే ఎర ఎంపిక ఆ చేప తినే తీరు దగ్గర మొదలుకావాలి. నా దృష్టిలో ముందు పరిమాణం, తరువాత బరువు, ఆ తరువాత కదలిక ముఖ్యం. దుకాణాలు అన్నిటికంటే ముందు చూపించే రంగు చివరన వస్తుంది.

అరచేయంత పొడవున్న బ్లూగిల్ నోరు పూర్తిగా తెరిచినా దాని వెడల్పు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఆ చేప ఆహారాన్ని కొరికి తినదు, పీల్చి మింగుతుంది. ఎరను చూసిన బ్లూగిల్ నెమ్మదిగా దగ్గరికి వచ్చి, రొమ్ము రెక్కలను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నీటిలో ఉన్నచోటనే నిలబడి, దాన్ని ఎదురుగా పరిశీలిస్తుంది. మూతి దాదాపు తగిలేంత దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా దవడలు ముందుకు చాపి, నోటి లోపలి గదిని విశాలం చేస్తుంది. లోపల ఏర్పడిన తక్కువ పీడనం వల్ల ఎదుటి నీరు, ఆ నీటితోపాటు అందులోని పురుగు, నోట్లోకి దూసుకువస్తాయి. దీనికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. పీల్పు బలంలో బ్లూగిల్ తన కుటుంబంలోని పెద్ద నోటి బాస్‌ను మించినదే అయినా, ఆ బలం పనిచేసే దూరం మాత్రం చాలా తక్కువ. నోటి వెడల్పుకు సమానమైన దూరం దాటితే నీటి వేగం దాదాపు ఏమీ మిగలదని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు.

ఎర బరువు ఇంత ముఖ్యం కావడానికి కారణం కూడా ఈ పీల్పే. ఒకే పరిమాణం గల రెండు వస్తువులపై ప్రవాహం ఇంచుమించు ఒకే బలాన్ని ప్రయోగిస్తుంది కాబట్టి, వాటిలో బరువైనది నెమ్మదిగా కదులుతుంది. నీటితో సమానమైన సాంద్రత గల పురుగు ప్రవాహంతో పాటే లోపలికి పోతే, కొక్కేనికి సీసపు తల బిగించి చేసిన జిగ్ అనే ఎర వెనకబడుతుంది. దానికి కట్టిన దారం బిగుతుగా ఉంటే ఇంకా వెనకబడుతుంది. చేప పీల్చినా కొక్కెం నోట్లోకి చేరకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందువల్ల అనుభవజ్ఞులు ఔన్సులో 32వ వంతు, అంటే సుమారు 0.9 గ్రాముల జిగ్‌ను, చేపలు మరీ బద్ధకంగా ఉన్నప్పుడు 64వ వంతు జిగ్‌ను వాడతారు. కొక్కెం 8 నుంచి 12 నంబర్ల మధ్య ఉంటే సరిపోతుంది (ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని కొత్తగా కొనేవారు గమనించాలి). ఇంత తేలికైన ఎర దూరం పడాలన్నా, సహజంగా కిందికి దిగాలన్నా దారం సన్నగా ఉండాలి. 2 నుంచి 4 పౌండ్ల బరువు తట్టుకునే నైలాన్ దారం చాలు. బెండు కూడా సన్నగా, పొడవుగా ఉండాలి. లావాటి గుండ్రని బెండును కిందికి లాగవలసి వస్తే, ఆ ఎదురు లాగుడు తెలిసిన చేప ఎరను వెంటనే ఉమ్మేస్తుంది.

గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రం చేసి పట్టేవారు మాత్రం బరువును మరోలా చూస్తారు. వారికి ఎర చిన్నదిగా ఉండాలి, కాని లోతుకు త్వరగా దిగాలి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములైతే టంగ్‌స్టన్‌ది 19.3 గ్రాములు కాబట్టి, అదే బరువును ఇంకా చిన్న గుండులో ఇమడ్చవచ్చు. టంగ్‌స్టన్ వాడకానికి సీసపు విషం మరో కారణం. నీటి అడుగున పడిపోయిన సీసపు గుండ్లను మింగి లూన్ పక్షులు చనిపోతుండటం వల్ల న్యూ హాంప్‌షైర్ వంటి రాష్ట్రాలు చిన్న సీసపు గుండ్లపై, జిగ్‌లపై ఆంక్షలు పెట్టాయి.

పరిమాణం విషయంలో చేప ఎలా నిర్ణయించుకుంటుందో చూపిన ఒక ప్రయోగం జీవావరణ శాస్త్రంలో ప్రసిద్ధమైంది. ఎర్ల్ వెర్నర్, డొనాల్డ్ హాల్ అనే శాస్త్రజ్ఞులు బ్లూగిల్‌లను తొట్లలో ఉంచి, నీటిపురుగైన డాఫ్నియాలను వేర్వేరు పరిమాణాల్లో, వేర్వేరు సంఖ్యల్లో వదిలి, చేపలు ఏవి తిన్నాయో లెక్కపెట్టారు. ఆ ఫలితాలు 1974లో వెలువడ్డాయి. ఆహారం అరుదుగా ఉన్నప్పుడు చేపలు చిన్నా పెద్దా చూడకుండా ఎదురైన ప్రతిదాన్నీ తిన్నాయి. సమృద్ధిగా ఉన్నప్పుడు చిన్నవాటిని వదిలేసి పెద్దవాటినే ఎంచుకున్నాయి. వెతకడానికీ, పట్టుకుని మింగడానికీ పట్టే సమయానికి బదులు ఎంత శక్తి దక్కుతుందన్నదే అక్కడ లెక్క. గాలం వేసేవారికి దీని నుంచి తేలేదేమిటంటే, పురుగులు ముసిరే వేసవి సాయంత్రాల్లో బ్లూగిల్ అడ్డమైనదాన్నీ ముట్టదు కాబట్టి, నోటిలో పట్టేంతలోనే కాస్త పెద్దదిగా కనిపించే ఎర ఫలిస్తుంది. నీరు చల్లబడిన కాలంలో పరిస్థితి వేరు. అప్పుడు ఒళ్ళూ జీర్ణక్రియా మందగించి, చేప వెంట తరమదు కాబట్టి, చిన్న ఎరను దాని ముందుకే దించాలి.

కదలిక సంగతికి వస్తే, బ్లూగిల్ ఆగి ఆగి వెతికే చేప. కొంత దూరం ఈది, ఆగి, చుట్టూ చూసి, ఏదీ కనిపించకపోతే మరికొంత ముందుకు పోతుంది. దారం ఆపకుండా చుట్టి వేగంగా లాగే ఎర దాని చూపులో నిలిచేది క్షణకాలమే. అందుచేత బెండు కింద వేలాడే చిన్న జిగ్‌ను ఒక అడుగు లాగి, అయిదారు సెకన్లు కదపకుండా వదిలేయడం మేలు. పట్టు తరచుగా ఆ విరామంలోనే దొరుకుతుంది. అయితే చలనం లేని వస్తువు ప్రాణమున్నట్టు కనిపించాలి. టర్కీ కోడి మెత్తటి ఈకలతో కట్టిన మారబూ జిగ్ ఈ పనికి బాగా సరిపోతుంది. జిగ్ లాగినప్పుడు ఆ నూగు కొక్కేనికి అంటుకుపోయి సన్నబడుతుంది, ఆపగానే విచ్చుకుంటుంది, తరువాత నీటిలోని ఏ చిన్న కదలికకైనా అల్లాడుతూనే ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ పురుగులు కొనేవారు కూడా తోక సన్నగా, పలచగా ఉన్నవాటిని ఎంచుకోవాలి.

రంగు గురించి వినిపించే సలహాల్లో చాలా భాగం అతిశయోక్తి. బ్లూగిల్ కంటిలో రంగును గుర్తించే శంకు కణాలు ప్రధానంగా రెండు రకాలు, ఒకటి ఎరుపుకు, మరొకటి ఆకుపచ్చకు స్పందించేవి. మనిషికి ఉన్న మూడో రకం లేకపోవడం వల్ల మనకు వేరుగా తోచే కొన్ని రంగులు దానికి ఒకేలా కనిపించే వీలుంది. పైగా నీరే వెలుగును వడకడుతుంది. తేట నీటిలో ఎరుపు కిరణాలు పై కొన్ని మీటర్లలోనే ఇంకిపోతాయి కాబట్టి లోతులో ఎర్రటి ఎర నల్లగా కనిపిస్తుంది. ఆకులు కుళ్ళి టీ రంగుకు తిరిగిన నీటిలో నీలం ముందుగా మాయమై, ఎరుపు, నారింజ రంగులే ఎక్కువ లోతు వరకు నిలుస్తాయి. మసక వెలుతురులో పైకి చూసే చేపకు ఆకాశం నేపథ్యంగా నల్లటి ఎర ఆకారం అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తుంది. నలుపు, తెలుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ, ఈ మూడు దగ్గరుంటే మిగిలిన రంగుల మీద డబ్బు పెట్టనవసరం లేదు.

నీరు దాదాపు 20 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చబడగానే ఈ లెక్కలన్నీ కొంతకాలం పక్కకు పోతాయి. మగ బ్లూగిల్‌లు ఒడ్డు దగ్గర గుంపుగా చేరి, తోకతో అడుగు మట్టిని చిమ్మి, పళ్ళెం ఆకారపు గూళ్ళు చేసుకుంటాయి. గుడ్లకు కాపలా కాసే మగచేప ఆకలితో కాక, చొరబడినదాన్ని తరిమేందుకు నోరు తెరుస్తుంది. నీటిపై తేలేలా నురుగు పదార్థంతో చేసిన సాలీడు ఎరైనా, లాగితే నీటిపై చప్పుడు చేసే పాపర్ అనే చిన్న ఎరైనా, గూటిలో పడిన జిగ్ ఏదైనా దానికి ఒకటే. ఇక్కడే కాస్త నిగ్రహం అవసరం. కెనడాలోని ఒంటారియోలో ఉన్న ఒపినికాన్ సరస్సులో జీవశాస్త్రజ్ఞుడు మార్ట్ గ్రాస్ జరిపిన అధ్యయనాల ప్రకారం, గూడు కట్టి కాపలా కాసే మగచేపలు ఏడేళ్ళ వయసుకు గాని సిద్ధం కావు. రెండేళ్ళకే ఎదిగే మరో రకం చిన్న మగచేపలు గూడు కట్టకుండా, పరాయి గూట్లోకి చాటుగా దూరి గుడ్లను ఫలదీకరిస్తాయి. పెద్ద కాపలా చేపలను వరసగా ఏరుకుపోతే, మిగిలిన మగచేపలు ఎదుగుదల మానుకుని చిన్న వయసులోనే సంతానోత్పత్తికి దిగుతాయి, సరస్సులో చేపల సగటు పరిమాణం తగ్గుతుంది. గూళ్ళ మీద దొరికిన పెద్ద మగచేపను తిరిగి వదిలేయడం నా లెక్కలో తప్పనిసరి.

ఇతర పాన్‌ఫిష్‌లకు వాటి నోటిని బట్టే ఎర మారుతుంది. రెడ్‌ఇయర్ గొంతులో నత్త గుల్లలను నలిపే చదునైన పళ్ళుంటాయి, అది అడుగునే మేస్తుంది, కాబట్టి ఎర కూడా అడుగుకు చేరాలి. క్రాపీ నోరు పెద్దది, దాని ఆహారంలో చిన్న చేపలు ఎక్కువ, చూపు పైకి ఉంటుంది. చేపపిల్లను పోలిన కాస్త పొడవైన జిగ్‌ను దాని తలకు కొంచెం పైగా నడపాలి. అయితే ఆ నోటి చుట్టూ ఉన్న పొర పలచన, గట్టిగా గుంజితే చిరిగిపోతుంది.

వానపాము, చిమ్మెట, మైనపు పురుగు వంటి సజీవమైన ఎరలకు ఉన్న వాసనా రుచీ కృత్రిమ ఎరల్లో ఉండవు, అందువల్ల చేప వాటిని త్వరగా ఉమ్మేస్తుంది. వాసన కలిపిన మెత్తటి ఎరలు ఈ లోటును కొంత పూడుస్తాయి. సజీవమైన ఎరతో ఉన్న చిక్కు దీనికి విరుద్ధం: బ్లూగిల్ దాన్ని కొక్కెంతో సహా గొంతు దాటి మింగేస్తుంది. అలా లోతుగా గుచ్చుకున్న కొక్కేన్ని పెకలించి వదిలిన బ్లూగిల్‌ల కంటే, దారం కత్తిరించి కొక్కెంతోనే వదిలినవి ఎక్కువగా బతికాయని కెనడా పరిశోధకులు 2009లో ప్రచురించారు. దారం కత్తిరించిన చేపల్లో చాలావాటి నుంచి ఆ కొక్కెం తరువాత దానంతటదే ఊడిపోయింది కూడా. చిన్న చేపలను వదిలేసే ఉద్దేశంతో వెళ్ళేవారు కృత్రిమ ఎరను వాడి, కొక్కెం మీది ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి, చిన్న కత్తెర ఒకటి జేబులో ఉంచుకుంటే చాలు.