కప్పల లెక్క రాసే పిల్లలకు

చిన్నారులూ,

తొలకరి పడేలోపే మీ ఊరి కుంట గట్టున ఒక చోటు చూసి పెట్టుకోండి. ఏటా అక్కడే నిలబడాలి. చోటు మారితే పోయినేటి లెక్కతో పోల్చలేం.

పొద్దుగూకిన అరగంటకు, ఇంట్లో పెద్దవాళ్లను తోడు తీసుకుని, బూట్లేసుకుని వెళ్లండి. కప్పలున్న చోటికి పాములూ వస్తాయి. మీ అడుగుల చప్పుడుకు కప్పలు నోరు మూసేస్తాయి. టార్చి ఆర్పి రెండు నిమిషాలు కదలకుండా ఉంటే మళ్లీ మొదలెడతాయి. అక్కణ్ణుంచి 5 నిమిషాలు వినండి. అరుపే లేకపోతే 0. విడివిడిగా లెక్కపెట్టగలిగితే 1. ఒకదాని మీద ఒకటి పడుతున్నా ఇన్ని అని చెప్పగలిగితే 2. ఎడతెగని హోరైతే 3. ఏ రకం కప్పకు ఆ అంకె. పక్కనే తేదీ, టైము, ఆఖరి వాన ఎప్పుడు పడిందో రాయండి. చిన్న కొమ్మలు ఊగేంత గాలి ఉంటే ఆ రాత్రి మానేయండి, సగం అరుపులు వినపడవు.

0 వచ్చినా రాయాల్సిందే. ఖాళీగా వదిలేస్తే, ఆ రాత్రి కప్పలు లేవో మీరే వెళ్లలేదో తర్వాత చూసేవాళ్లకు తెలియదు. నాకైతే 0 ఉన్న పేజీ మీదే ఎక్కువ గౌరవం.

ఈ అంకెల్లో రెండు చిక్కులున్నాయి. బావురు కప్ప మొదటి పెద్ద వానకు ఒకటి రెండు రాత్రులే గోల చేస్తుంది. మగది నిమ్మపండు రంగుకు తిరుగుతుంది, గొంతుకు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బుతాయి. ఆ రాత్రి దాటాక వెళ్తే కప్పలున్న కుంటకే 0 పడుతుంది. రెండోది, అంకె 3 దగ్గర ఆగిపోతుంది. 400 కప్పలు 100కు పడిపోయినా హోరు హోరే. పైగా అరిచేవి మగవే. అందుకే గుడ్లూ చూడండి. గోదురు కప్ప గుడ్లు జిగురు దారానికి గుచ్చిన నల్లపూసల్లా గడ్డికాడలకు చుట్టుకుని ఉంటాయి. చెట్టు కప్పవి నీటికి పైన అంటుకున్న తెల్లటి నురగ ముద్దలో ఉంటాయి. తోకకప్పలకు కాళ్లు రాకముందే నీళ్లు ఇంకిపోతే ఆ తేదీ తప్పకుండా రాయండి. ఆ ఏటి పిల్లలు అక్కడితో పోయినట్టే.

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. పొలంలో కొట్టిన మందు కూడా ఆ దారినే లోపలికి పోతుంది. మన బావురు కప్పల కాళ్లు ఒకప్పుడు విదేశాలకు ఎగుమతయ్యేవి, 1987లో ప్రభుత్వం ఆపేసింది. కుంటలు పూడ్చడం మాత్రం ఆగలేదు. ఆస్ట్రేలియా, మధ్య అమెరికాల్లో కైట్రిడ్ అనే బూజు జాతులకు జాతులనే తుడిచిపెట్టింది. దానికి 1999లో పేరు పెట్టారు. చర్మం పాడై, ఒంట్లో లవణాలు తగ్గి, చివరికి గుండె ఆగిపోతుంది. ఈ బూజు తడిలో, బురదలో ఒక చోటినుంచి ఇంకో చోటికి పోతుంది.

కాబట్టి ఇంకో కుంటకు వెళ్లేముందు బూట్ల బురద బ్రష్‌తో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. కప్పల్ని పట్టుకోవద్దు. గోదురు కప్ప కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లోంచి పాలలాంటి విషం వస్తుంది. పొరపాటున ముట్టుకుంటే, చేతులు సబ్బుతో కడిగేదాకా కళ్లు నులుముకోకండి.

మీ
తాతయ్య