చిన్న మిల్లింగ్ మెషీన్‌కి కూలెంట్: అపోహలు - వాస్తవాలు

బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్‌లలోని చిన్న షాపులవాళ్లైనా, ఇంటి వెనక షెడ్డులో బెంచి మీద మిల్లింగ్ మెషీన్ పెట్టుకున్నవాళ్లైనా అడిగేది ఒకటే: "ఎండ్ మిల్లులు ఊరికే పోతున్నాయండీ, ఎంత పెద్ద పంపు పెట్టమంటారు?" ఎండ్ మిల్లు అంటే తిరుగుతూ లోహాన్ని కోసే కటర్, ఆ పంపు పోసేది కూలెంట్, అంటే కోసేచోట చల్లబరిచే ద్రవం. పంపు సైజు తర్వాత. ముందు ఆ ప్రశ్న వెనకున్న అపోహ సంగతి తేల్చుకోవాలి, ఎక్కువ డబ్బు తినేది అదే.

అపోహ: వేడికే టూల్ పోతుంది, కాబట్టి ఎంత పోస్తే అంత మంచిది

లెక్క వేసి చూడండి. స్పిండిల్ మోటారు 500 వాట్లు అనుకుందాం. ఆ శక్తంతా వేడిగా మారి, ఆ వేడంతా కూలెంట్‌లోకే వచ్చిందనుకున్నా, నిమిషానికి 4 లీటర్లు పారితే దాని ఉష్ణోగ్రత పెరిగేది 2 డిగ్రీల లోపే. ఒక్క లీటరే పోసినా 7 డిగ్రీలు. నిజానికి వేడిలో ఎక్కువ భాగం తెగిపడే లోహపు తునక, అంటే చిప్‌తోనే బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి చిన్న మెషీన్‌ని చల్లబరచడానికి సన్నటి ధార చాలు.

మరి కటర్ ఎందుకు పోతోంది? చాలాసార్లు చిప్స్ వల్ల. లోతైన స్లాట్‌లో తెగిన చిప్ బయటికి పోయే దారి లేక అక్కడే తిరుగుతుంటే కటర్ దాన్నే మళ్లీ మళ్లీ కోస్తుంది. అల్యూమినియం అయితే కటర్ గాడిలో, అంటే ఫ్లూట్‌లోనే అతుక్కుంటుంది, ఇక కటర్ టప్పున విరుగుతుంది.

కార్బైడ్‌తో (గట్టిగా ఉన్నా పెళుసైన కటర్ పదార్థం) ఇంకో చిక్కు ఉంది. మిల్లింగ్‌లో పన్ను లోహంలో ఉన్నంతసేపు వేడెక్కుతుంది, బయటికి రాగానే చల్లబడుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో పన్నుకు ఇది సెకనుకు 33 సార్లు జరుగుతుంది. దాని మీద కూలెంట్ ఒకసారి పడి ఒకసారి పడకుండా ఉంటే ఆ ఎగుడుదిగుడు ఇంకా పెరుగుతుంది. సీసాతో చేత్తో చుక్కలు వేసేవాళ్లు చేస్తున్నది సరిగ్గా ఇదే.

పోయిన కటర్‌ని పారేయకుండా 10 రెట్లు పెద్దగా చూపే లెన్స్ కింద పెట్టండి. అంచు అంతటా ఒకేలా అరిగి మెరుస్తుంటే స్పీడు ఎక్కువో, ఫీడు మరీ తక్కువై రుద్దుకుందో అన్నమాట. అంచుకు అడ్డంగా, దాదాపు సమాన దూరాల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే అది వేడి-చలి దెబ్బ, కూలెంట్ మానేయాలి. అంచు మీద లోహం ముద్దలా అంటుకుని ఉంటే చమురు అందలేదు. ఈ మూడూ చూడకుండా పంపు కొనొద్దు.

ఎంఎస్ (మైల్డ్ స్టీలు), ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ స్టీలు) మీద కార్బైడ్ వాడితే గాలి ఒక్కటే పెట్టండి. అల్యూమినియానికి గాలితో పాటు కొద్దిగా చమురు. క్యాస్ట్ ఐరన్ పొడిగానే కొట్టాలి, తడిస్తే దాని పొడి నల్లటి ముద్దై స్లైడ్‌ల (టేబుల్ జారే పట్టాల) మధ్యకు చేరుతుంది. ఇత్తడికి ఏమీ అక్కర్లేదు. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) కటర్‌తో స్టీలు కోసేటప్పుడూ, డ్రిల్లింగ్, ట్యాపింగ్ అప్పుడూ కూలెంట్ నిజంగా పనికొస్తుంది.

అంటే చాలామందికి ముందు కావలసింది గాలి నాజిల్. నీటిని పట్టే ట్రాప్ ఉన్న రెగ్యులేటర్, 6 మి.మీ. ట్యూబు, ఒక బాల్ వాల్వ్, చివర 1 మి.మీ. రంధ్రం ఉన్న రాగి గొట్టం. అంతే. కటర్‌కి 20-30 మి.మీ. దూరంలో, చిప్స్ మీ వైపు కాకుండా వెనక్కి పోయేలా గురిపెట్టండి, కళ్లద్దాలు మరవొద్దు. రంధ్రం సైజు దగ్గరే అందరూ దెబ్బతింటారు. 1.5 మి.మీ. రంధ్రం 4 బార్ దగ్గర నిమిషానికి 80-100 లీటర్ల గాలి తాగుతుంది. 1 హెచ్‌పీ కంప్రెషర్ ఇవ్వగలిగేది దాదాపు అంతే, కాబట్టి అది ఆగకుండా తిరిగి వేడెక్కిపోతుంది. 1 మి.మీ. రంధ్రం, 2.5 బార్ పెడితే 30 లీటర్ల చుట్టూ సరిపోతుంది.

అపోహ: మిస్ట్ అంటే పొగలా కనబడాలి

మిస్ట్ అంటే గాలితో కలిపి తుంపరగా కొట్టే చమురు. అది పొగలా కనబడిందంటే తప్పు పెట్టినట్టే. గాల్లో తేలేంత సన్నటి తుంపర జాబ్ (కోస్తున్న ముక్క) మీద పడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత గురించి పరిశోధించే నియోష్ సంస్థ ఇలాంటి తుంపరకు సూచించిన పరిమితి ఘనపు మీటరు గాలికి మొత్తం 0.5 మిల్లీగ్రాములు, అంటే చాలా తక్కువ. మూసిన షెడ్డులో పొగ కనబడుతోందంటే ఆ పరిమితి దాటే ఉంటుంది. నీళ్లలో కలిపి వాడే సోలబుల్ ఆయిల్‌ని మిస్ట్‌గా కొట్టొద్దు, అందులో పెరిగే బ్యాక్టీరియా, దాన్ని చంపడానికి కలిపే మందులు రెండూ గాల్లోకి లేస్తాయి. మిస్ట్ కోసమే అమ్మే వెజిటబుల్ ఆయిల్ వాడండి, గంటకు 50 మిల్లీలీటర్ల లోపే. జాబ్ మీద పల్చటి తడి మెరుపు కనబడితే చాలు.

అపోహ: ఎయిర్ కూలర్ పంపు, ఒక బకెట్టు ఉంటే సిస్టమ్ అయిపోయినట్టే

ఖర్చు తగ్గించుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ కూలర్ పంపులో తిరిగేది అయస్కాంతపు రోటర్. స్టీలు రజను నీళ్లతో పాటు లోపలికి వచ్చి దానికి అంటుకుంటుంది, కొన్నాళ్లకు పంపు బిగుసుకుపోతుంది. అల్యూమినియం పనికైతే నడుస్తుంది. స్టీలుకి అయితే పంపుని అడుగు నుంచి 50 మి.మీ. పైకి లేపి, రిటర్న్ దారిలో అయస్కాంతం, సన్న జాలీ పెట్టాలి. ఇలాంటి పంపుల్లో చాలావాటికి ఎర్త్ వైరు ఉండదు. 230 వోల్టుల పంపు తడి ఇనుప బల్ల కింద పనిచేస్తోంది కాబట్టి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, మెషీన్ బాడీకి ఎర్త్ లేకుండా స్విచ్ వేయొద్దు.

అసలు కష్టమంతా కూలెంట్‌ని వెనక్కి రప్పించడంలో ఉంది. 8 మి.మీ. గొట్టంలోంచి పంపు బలంతో పైకి వెళ్లేది కిందికి తన బరువుతోనే దిగాలి, మధ్యలో చిప్స్ అడ్డం. అందుకే రిటర్న్ పైపు 25 మి.మీ.కి తగ్గొద్దు. బెంచి మెషీన్ల టేబుల్‌కి చాలాసార్లు డ్రెయిన్ ఉండదు, కూలెంట్ టీ-స్లాట్ (జాబ్ బిగించే గాడి) చివర్ల నుంచి కారుతుంది. కాబట్టి టేబుల్ పూర్తిగా అటూ ఇటూ జరిగినా చివర్లు బయటికి రానంత వెడల్పు ట్రే, ఒక మూలకు వాలు కావాలి. కాలమ్ వెనక స్పీడ్ కంట్రోల్ పెట్టెకు గాలి రంధ్రాలుంటే ముందు రబ్బరు షీటు అడ్డం కట్టండి. ట్యాంకు 15-20 లీటర్లు, నిమిషానికి 3-4 లీటర్ల ధార చాలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను

బోరు నీళ్లు కలిపితే ఏమవుతుందని అడుగుతారు. కఠిన జలంలోని కాల్షియం లవణాల వల్ల ఎమల్షన్ (నీళ్లు, ఆయిల్ కలిసిన మిశ్రమం) విడిపోయి పైన జిడ్డు తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లు వాడండి. ఎప్పుడూ నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు పోయకూడదు. 15 లీటర్ల నీళ్లకు 750 మిల్లీలీటర్లు అంటే దాదాపు 5 శాతం. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి తగ్గినప్పుడు 1-2 శాతం పల్చటి మిశ్రమం పోయండి. మిశ్రమంలో ఆయిల్ ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ రీడింగుని మీ ఆయిల్ డేటాషీట్‌లో ఇచ్చిన అంకెతో గుణించాకే శాతం తెలుస్తుంది.

సోమవారం పొద్దున కుళ్లిన గుడ్ల వాసన వస్తే కూలెంట్ నాసిరకమని తిట్టనక్కర్లేదు. స్లైడ్ ఆయిల్ పైన పొరలా కప్పేసి గాలి ఆడక బ్యాక్టీరియా పెరిగింది. ఆ పొర తీసేసి, అక్వేరియం గాలి పంపు ఒకటి వేసి ఉంచండి. డెట్టాల్, ఫినాయిల్, బ్లీచింగ్ పోయొద్దు. బ్లీచింగ్‌లోని క్లోరిన్ మెషీన్‌కే తుప్పు పట్టిస్తుంది.

ఇనుప మెషీన్ మీద నీళ్లా అని భయపడేవాళ్లకు: 5 శాతం నిలిపితే సోలబుల్ ఆయిలే తుప్పు పట్టనివ్వదు. అయితే వైస్ (జాబ్ బిగించి పట్టేది) కింద నిలిచిన తడి ఆరదు. నాలుగు రోజులు మెషీన్ ఆపుతుంటే వైస్ విప్పి, కింద తుడిచి, స్లైడ్ ఆయిల్ రాసి పెట్టండి.