ఇంటి కంప్యూటర్‌కి ఫైర్‌వాల్: ముందు పలకరించింది ఎవరు?

2003 ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వార్మ్ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకే హానికర ప్రోగ్రాం) ఇంటర్నెట్‌లో బయటపడింది. విండోస్ ఎక్స్‌పీ వాడుతున్నవాళ్ల తెర మీద ఉన్నట్టుండి ఒక చిన్న పెట్టె వచ్చేది. సిస్టమ్ షట్‌డౌన్ అవుతోంది, పని సేవ్ చేసుకోండి అని అందులో ఉండేది. 60 సెకన్ల నుంచి లెక్క తగ్గుతూ వచ్చేది. వాళ్లు ఏ లింకూ నొక్కలేదు, ఏ ఫైలూ తెరవలేదు. కంప్యూటర్‌కి నెట్ ఉంటే చాలు, వార్మ్ తనంతట తానే వచ్చేసేది. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ జులై 16నే ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్, ఇచ్చింది. కానీ తీరా దాన్ని డౌన్‌లోడ్ చేద్దామని నెట్ కలిపితే, అది పూర్తయ్యేలోపే మళ్లీ దాడి జరిగి మెషిన్ రీస్టార్ట్ అయ్యేది.

ఇందులోంచి బయటపడే దారి ఎక్స్‌పీలోనే ఉంది. ముందు ఫైర్‌వాల్, అంటే నెట్ నుంచి పిలవకుండా వచ్చేవాటిని అడ్డుకునే కాపలా ప్రోగ్రాం, ఆన్ చేయాలి, ఆ తర్వాత ప్యాచ్ దించుకోవాలి. ఆ ఫైర్‌వాల్ మొదటి నుంచీ సిస్టమ్‌లో ఉన్నదే, కాకపోతే ఆఫ్‌లో ఉంచి అమ్మారు. ఏడాది తర్వాత, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుంచి అది మొదటే ఆన్ అయి వస్తోంది. ఇంటి కంప్యూటర్లకు ఆ ఒక్క మార్పు చేసిన మేలు చాలా పెద్దదని నా అభిప్రాయం. అందుకే ఫైర్‌వాల్ కోసం విడిగా డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఉన్నదాన్ని అర్థం చేసుకుని సరిగ్గా వాడుకుంటే చాలు.

ఫైర్‌వాల్ ప్రధానంగా చూసేది ఒకే సంగతి: ముందు పలకరించింది ఎవరు? మీరు బ్రౌజర్‌లో బ్యాంకు సైటు తెరిచారనుకోండి. మీ కంప్యూటర్ తన పోర్టుల్లో (నెట్ రాకపోకలకు నంబర్లు వేసిన తలుపుల్లాంటివి) ఒకదాని నుంచి బ్యాంకు సర్వర్‌లోని 443వ పోర్టుకి కబురు పంపుతుంది. ఫైర్‌వాల్ వెంటనే ఒక పట్టికలో ఇటు అడ్రస్, ఇటు పోర్టు, అటు అడ్రస్, అటు పోర్టు, ప్రోటోకాల్ (రెండూ మాట్లాడుకునే పద్ధతి) రాసుకుంటుంది. కాసేపటికి బయటి నుంచి ఒక ప్యాకెట్ (డేటా ముక్క) వస్తే ఆ పట్టికతో పోల్చి చూస్తుంది. ఈ ఐదూ సరిపోతే అది మనం అడిగినదానికి జవాబే, లోపలికి రానిస్తుంది. పట్టికలో లేని ప్యాకెట్ అంటే ఎవరో తమంతట తాము వచ్చి తలుపు తట్టినట్టు. అలాంటిదాన్ని రానిమ్మని ప్రత్యేకంగా రూల్ ఉంటే తప్ప పారేస్తుంది. పంపినవాడికి జవాబు కూడా ఇవ్వదు.

ఇది మీరే చూడొచ్చు. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో లిజనింగ్ పోర్ట్స్ అనే భాగం చూడండి. ఏ ప్రోగ్రాం ఏ పోర్టు దగ్గర పిలుపు కోసం ఎదురుచూస్తోందో అక్కడ వరసగా ఉంటుంది. పక్కనే ఫైర్‌వాల్ స్టేటస్ అనే గడి కూడా ఉంటుంది. ఆ వరసలో 135 కనిపిస్తుంది. 2003లో బ్లాస్టర్ దూరిన పోర్టు అదే. సాధారణంగా 445 కూడా ఉంటుంది. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వార్మ్ ప్రపంచమంతా పాకింది దాని గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. దానికీ రెండు నెలల ముందే ప్యాచ్ వచ్చి ఉంది. పాత లోపాలు పూడ్చేశారు గానీ పోర్టులు మాత్రం ఈ రోజుకీ వింటూనే ఉన్నాయి, ఎందుకంటే విండోస్ పనులకి అవి కావాలి. రేపు వాటిలో కొత్త లోపం బయటపడితే, ప్యాచ్ వచ్చేదాకా అడ్డుగా నిలబడేది ముఖ్యంగా ఫైర్‌వాలే.

ఇక సెట్టింగుల సంగతి. విండోస్ సెక్యూరిటీలో ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్ తెరిస్తే డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు రకాల నెట్‌వర్కులు కనిపిస్తాయి. మూడూ ఆన్‌లో ఉండాలి. మొదటిది ఆఫీసు నెట్‌వర్కులకి, దాన్ని కదపకండి. మనం తేల్చుకోవాల్సింది మిగతా రెండింటి గురించే. రైల్వే స్టేషన్, హోటల్, హాస్టల్ వైఫై అయితే మారుమాట లేకుండా పబ్లిక్, అందులోనే కట్టడి ఎక్కువ. ఇంట్లో వైఫై ప్రింటర్‌తో పని ఉంటేనో, రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకుంటేనో ప్రైవేట్ పెట్టుకోండి. అలాంటివేమీ లేకపోతే ఇంట్లో కూడా పబ్లిక్‌గానే ఉంచమంటాను. యూట్యూబ్, మెయిల్, బ్యాంకు పనులు, వీడియో కాల్స్ దేనికీ ఇబ్బంది రాదు. వాటన్నిటిలో ముందు పలకరించేది మన కంప్యూటరే.

ఎక్కువమంది తడబడేది మరో చోట. కొత్త గేమో, సాఫ్ట్‌వేరో మొదటిసారి నడిపినప్పుడు, ఈ ప్రోగ్రాంకి అనుమతి ఇస్తారా అని ఒక పెట్టె వస్తుంది. పని ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో చాలామంది చదవకుండా అలౌ కొట్టేస్తారు. నిజానికి అది అడుగుతున్నది, బయటివాళ్లు ఈ ప్రోగ్రాంని ముందుగా పలకరించవచ్చా అని. క్యాన్సిల్ చేసినా ఆ ప్రోగ్రాం తనంతట తాను బయటికి చేసే కనెక్షన్లు ఆగవు. అందుకే ముందు క్యాన్సిల్ చేసి చూడండి. ఏదైనా నిజంగా పని చేయకపోతే అప్పుడు ఆ ఒక్కదానికి, అదీ ప్రైవేట్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి. ప్రింటర్ కనబడట్లేదనో, గేమ్ కలవట్లేదనో ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆఫ్ చేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట దయచేసి వినకండి. తర్వాత దాన్ని మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. వీలున్నప్పుడు అనుమతించిన యాప్‌ల జాబితా తెరిచి, ఇప్పుడు వాడని వాటికి టిక్ తీసేయండి.

మ్యాక్‌లో ఫైర్‌వాల్ మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద దాన్ని ఆన్ చేసుకోవాలి. ఉబుంటు లినక్స్‌లోనూ అంతే, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది కానీ మనమే ఎనేబుల్ చేయాలి.

రౌటర్ ఉండగా ఇదంతా ఎందుకు అని అడగొచ్చు. పరికరాలకు నెట్ అడ్రస్ ఇచ్చే పాత ఐపీవీ4 పద్ధతిలో ఇంట్లోని పరికరాలన్నీ రౌటర్ అడ్రస్ వెనకే ఉంటాయి కాబట్టి బయటివాళ్లు నేరుగా వాటి దాకా రావడం కష్టం. కొత్త పద్ధతి ఐపీవీ6లో ఒక్కో పరికరానికి బయటి నుంచి కూడా పనికొచ్చే సొంత అడ్రస్ వస్తుంది. మన దేశంలో ఇప్పుడు ఐపీవీ6 విరివిగా ఉంది. రౌటర్‌లోని ఫైర్‌వాల్ సరిగ్గా ఉందో లేదో ఎక్కువమంది ఎప్పుడూ చూసి ఉండరు. పైగా వైరస్ పట్టిన ల్యాప్‌టాప్ ఒకటి మన వైఫైలోకే వస్తే, లోపలి నుంచి లోపలికే జరిగే దాడిని రౌటర్ మామూలుగా ఆపదు. కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ ఆపగలదు.

ముందు పలకరించింది ఎవరన్న ఇదే సూత్రంలో ఫైర్‌వాల్ బలహీనత కూడా ఉంది. బయటికి వెళ్లేవాటిని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా అడ్డుకోదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరో ఫోన్ చేసి, స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేయిస్తే, ఆ యాప్ మీ కంప్యూటర్ నుంచే బయటికి కనెక్షన్ పెడుతుంది. ఫైర్‌వాల్ లెక్కలో ముందు పలకరించింది మీరే, కాబట్టి అవతలివాడి ఆదేశాలన్నీ జవాబుల రూపంలో లోపలికి వచ్చేస్తాయి. అలాంటి ఫోన్ వస్తే వెంటనే పెట్టేయండి. యాప్ అప్పటికే వేసేసి ఉంటే ముందు నెట్ తీసేసి, తర్వాత దాన్ని తొలగించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, మీ బ్యాంకుకి కూడా చెప్పండి.