గ్రహణమొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదు బాబూ: టెలిస్కోప్ మోసేవాడి అపోహలు - వాస్తవాలు

పదహారేళ్లుగా టెలిస్కోప్ కార్లో వేసుకుని హైదరాబాద్‌లో స్కూళ్లూ అపార్ట్‌మెంట్లూ తిరుగుతున్నా. శని వలయాలు, చంద్రుడి మీద గుంటలు చూపిస్తా, పిల్లలు కేకలు పెడతారు, సామాను సర్దుకునేటప్పుడు మాత్రం పెద్దవాళ్లలో ఎవరో ఒకరు మెల్లగా పక్కకి పిలుస్తారు. బ్లాక్ హోల్స్ గురించి అడుగుతారేమో అనుకుంటే పొరపాటే. "సార్, మా కోడలికి ఐదో నెల, గ్రహణం రోజు ఎట్ల మరి?" అంతే, ఎప్పుడూ ఇదే.

2025 సెప్టెంబర్ 7 ఆదివారం, సంపూర్ణ చంద్రగ్రహణం. వనస్థలిపురంలో ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద టెలిస్కోప్ పెట్టా. రాత్రి 9:57కి పట్టు, 11 నుంచి 12:22 దాకా ఎర్ర చంద్రుడు, 1:26కి విడుపు. చంద్రుడు పూర్తిగా ఎర్రబడ్డాక మూడో ఫ్లోర్ కుర్రాడు ఒకడు పైకొచ్చి, చంద్రుడి వైపు కూడా చూడకుండా నా దగ్గరకొచ్చి అడిగాడు, "అన్నా, మా ఆవిడ పక్కకి తిరిగి పడుకోవచ్చా అని అడగమంది." నాకు అర్థం కాలేదు. ఏడో నెల అట. కదలకుండా వెల్లకిలా పడుకోవాలి, కదిలితే బిడ్డకి అవయవం వంకర పోతుంది అన్నారంట. చంద్రగ్రహణానికి సూతకం తొమ్మిది గంటల ముందే మొదలు కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మంచినీళ్లు కూడా లేవు. పైగా ఆ అమ్మాయికి షుగర్, మందులు నడుస్తున్నాయి.

నేను డాక్టర్ని కాదు, ఆ మాటే చెప్పి, ముందు మీ డాక్టరమ్మకి ఫోన్ చెయ్ అన్నా. ఆవిడ స్పీకర్‌లో పెట్టించి మరీ తిట్టింది. కడుపు పెద్దదయ్యాక గంటలకొద్దీ వెల్లకిలా పడుకుంటే ఆ బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, అందుకే ఎడమ పక్కకి తిరిగి పడుకోమంటాం, షుగర్ మందులేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది, ముందు ఆమెకి నీళ్లియ్యండి అంది. అత్తగారు వంటగదిలోకి వెళ్లి గ్లాసు తెచ్చింది, అందులో గరిక వేసి. వేస్తే వేసింది, తాగింది కదా, చాలు.

ఆ అత్తగారి మీద నాకు కోపం రాలేదు, ఆవిడకి ఉన్నది భయం. ఆ భయం పేరు గ్రహణమొర్రి. మన భాషలో ఆ జబ్బు పేరులోనే గ్రహణం ఉంది, ఇంక ఎవరు నమ్మరు చెప్పండి? ఇంగ్లండ్‌లో పూర్వం గర్భిణికి కుందేలు ఎదురొస్తే బిడ్డ పెదవి చీలుతుందని నమ్మేవాళ్లు, అక్కడ కుందేలు పేరే పెట్టారు. మెక్సికోలో మళ్లీ గ్రహణమే, ఆడవాళ్లు బట్టలకి పిన్నీసు పెట్టుకుంటారు. అక్కడ పిన్నీసు, ఇక్కడ కత్తిపీట ముట్టకపోవడం. తలా ఒక కారణం చెప్పారు గానీ నింద మాత్రం అన్ని చోట్లా తల్లి మీదే.

అసలు జరిగేది ఇది. కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. పై పెదవి అతుక్కునేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు, అంగిలి ఆరు నుంచి తొమ్మిది లోపు. అక్కడ అతుకు సరిగ్గా పడకపోతే మొర్రి. జన్యువుల పాత్ర ఉంటుంది, తల్లికి గర్భానికి ముందు నుంచే షుగర్ ఉండటం, పొగ తాగడం, కొన్ని ఫిట్స్ మందులు కూడా రిస్క్ పెంచుతాయి. (ఫిట్స్ మందులు ఇది చదివి సొంతంగా ఆపేయకండి, డాక్టర్ని అడగండి.) చాలాసార్లు ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేం. ప్రపంచం మొత్తం మీద దాదాపు 700 మందిలో ఒకరు ఇలా పుడతారు, గ్రహణం పట్టిన ఏడాదీ పుడతారు, పట్టని ఏడాదీ పుడతారు. కాబట్టి ఐదో నెల ఆమెని, ఏడో నెల ఆమెని చీకటి గదిలో పెట్టి మీరు కాపాడుతున్నది ఎప్పుడో అతుక్కుపోయిన పెదవిని.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నా పై పెదవి మీద కుట్టు గీత ఉంది. మాస్క్ రోజుల్లో తప్ప ఎన్నడూ దాచుకోలేదు. నేను పుట్టింది 1980 మే నెలలో, ఇబ్రహీంపట్నం దగ్గర ఊర్లో. ఆ ఏడాది ఫిబ్రవరి 16న మధ్యాహ్నం పూట సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మా మీద నుంచే పోయింది, దేశదేశాల సైంటిస్టులు ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి వచ్చి కూర్చున్నారు. అంతమంది అంత దూరం నుంచి దేనికోసం వచ్చారో, అదే రెండు నిమిషాల చీకటికి మా ఊరు ఊరంతా తలుపులేసుకుంది. మా అమ్మ మాత్రం మర్చిపోయి పొద్దున కోయాల్సిన వంకాయలు అప్పుడు కోసిందట. మేలో నేను ఇట్లా పుట్టాను. "గ్రహణం పట్టంగ కత్తిపీట ముట్టినవ్" అని మా నాయనమ్మ పోయేదాకా అన్నది, ప్రతి పెళ్లిలో, ప్రతి పండగకి. ఆపరేషన్ కూడా నాలుగేళ్లకి గానీ చేయించలేదు, తలరాత కదా, తలరాతకి కుట్లేంది అని.

టెర్రస్ మీద నుంచి ఇంటికొచ్చేసరికి రెండు దాటింది, అమ్మ మేలుకునే ఉంది. ఆ మూడో ఫ్లోర్ సంగతి చెప్తూ మాటల్లో ఏడో వారం లెక్క చెప్పా. వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టింది. మే, ఏప్రిల్, మార్చి... గ్రహణం నాటికి నేను ఆరు నెలలు దాటిన బిడ్డని. ఏడో వారం అంటే ముందు ఏడాది దసరా అటూ ఇటూ. "బతుకమ్మప్పుడా?" అంది. "అప్పటికి నువ్వు కడుపుల పడ్డవని నాకే తెల్వదు." ఇంకేం మాట్లాడలేదు చాలాసేపు. నలభై ఐదేళ్లు మోసింది ఆ వంకాయల్ని.

ఇప్పుడు మొర్రితో బిడ్డ పుడితే ఏడుస్తూ కూర్చోవద్దు. పెదవికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు, అంగిలికి ఏడాది అటూ ఇటూ, అది లేట్ అయితే మాట ముక్కులోంచి వస్తుంది, తర్వాత స్పీచ్ థెరపీకి తిరగాల్సి వస్తుంది. పాలు తాగలేకపోతే దానికీ వేరే సీసాలున్నాయి, బిడ్డని నిటారుగా పట్టుకుని పట్టాలి, పుట్టిన వారంలోనే అడగండి. సర్కారు వాళ్ల రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఇది ఉంది, అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా వర్కర్‌నో అడిగితే దారి చెప్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తా, రోజూ చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

సూర్యగ్రహణం ఎక్స్‌రే ఫిల్మ్‌తో చూడొచ్చు అంటారు. వద్దు. మసి పూసిన అద్దం, కూలింగ్ గ్లాసులు, బకెట్ నీళ్లు ఏవీ వద్దు. లోపల రెటీనా కాలినా నొప్పి తెలీదు, మర్నాడు చూపు మధ్యలో మచ్చ కనిపించినప్పుడు తెలుస్తుంది. ఐఎస్ఓ 12312-2 అని ఉన్న గ్రహణం కళ్లజోడు తీసుకోండి, గీతలు పడితే పారేయండి. ఇంకేం లేకపోతే చెట్టు కింద నిలబడి నేల చూడండి, ఆకుల సందుల్లోంచి పడే ప్రతి చుక్కా ఒక చిన్న గ్రహణమే. చంద్రగ్రహణానికి ఇవేవీ అక్కర్లేదు, ఉత్త కళ్లతో చూడొచ్చు. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మన గుంటూరు దాకా వచ్చాడు, ఆ గ్రహణం వెలుగుని రంగులుగా విడగొడితే కనిపించిన పసుపు గీత హీలియం అనే వాయువుదని తర్వాత తేలింది. మనం గుంటూరులో ఉండి తలుపులేసుకుంటాం.

రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు, ఫోన్ ఆఫ్ చేయమని నాసా చెప్పింది అనే ఫార్వర్డ్: చెప్పలేదు. ఏళ్ల తరబడి అదే మెసేజ్ తిరుగుతోంది, దయచేసి నాకు పంపకండి.

జీరో షాడో డే, నీడ మాయమైతే అరిష్టమా అని ఒకాయన సీరియస్‌గా అడిగాడు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 అటూ ఇటూ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకొస్తాడు. ఢిల్లీ వాళ్లకి ఎప్పటికీ రాడు, పాపం. గ్లాసు బోర్లించి ఫోటో తీసుకోండి.

ఇక రోకలి. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి పెడితే గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుంది అంటారు. దాని అడుగు చదునుగా ఉంటే చాలు, ఓపిగ్గా పెడితే ఏ మంగళవారమైనా నిలబడుతుంది. నేను నిరుడు ఏ గ్రహణం లేని రోజు మా వంటింట్లో నిలబెట్టి అమ్మని పిలిచి చూపించా. చూసింది. "నిలబడనీ, దానికేం రోగం" అని, పళ్లెం కావాలి జరుగు అంది.