ఆకాశంలో ముదురు చార

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

మీరు ముగ్గురూ దాచుకున్న డబ్బు కలిపి 16–35 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్సు కొన్నారనీ, దానికి ఏ సర్క్యులర్ పోలరైజింగ్ ఫిల్టరు (లెన్సు ముందు బిగించి తిప్పే ఫిల్టరు, క్లుప్తంగా పోలరైజరు) కొనాలో తేలక ఒకరితో ఒకరు వాదించుకుంటున్నారనీ మీ అమ్మమ్మ చెప్పింది. ఇలాంటివి ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి కనుక ఉత్తరం రాస్తున్నాను. వెడల్పాటి లెన్సు మీద పోలరైజరు చేసే అల్లరిలో ఎక్కువ పాలు ఫిల్టరుది కాదు, ఆకాశానిది. ఆకాశం తీరు తెలియకుండా ఎంత ఖరీదైన గాజు కొన్నా ఫొటో బాగుపడదు.

ఈ సంగతి నాకు పొరపాటు చేశాకే తెలిసింది. ఫిల్ము రోజుల్లో ఒక ఉదయం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గరకు వెళ్ళి, 20 మిల్లీమీటర్ల లెన్సుకు కొత్తగా కొన్న పోలరైజరు తగిలించి, ఉత్తరం వైపు తిరిగి రోలంతా ఖర్చు చేశాను. కడిగించి చూస్తే ప్రతి ఫొటోలోనూ ఆకాశం నడుమ నీలిమందు ఒలికినట్టు ఒక ముదురు చార నిలువునా ఉంది, దానికి రెండు పక్కలా ఆకాశం వెలిసిపోయి ఉంది. ఫిల్టరు నాసిరకమని నాకు నేనే తీర్పు చెప్పుకొని, కొన్న దుకాణానికి వెళ్ళి యజమానితో గంటసేపు తగవు పెట్టుకున్నాను. ఆయన విసుక్కోకుండా ఇంకో రెండు రకాలు చేతికిచ్చి, వాటితోనూ తీసి చూడమన్నాడు. ఇంకో రోలు ఖర్చయింది, మూడింటితోనూ అదే చార వచ్చింది. ఫిల్టర్లు తిరిగి ఇవ్వడానికి ఆ దుకాణం మెట్లెక్కినప్పుడు నా ముఖం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

కారణం ఇది. సూర్యుడి నుంచి బయలుదేరిన కాంతి తన ప్రయాణ మార్గానికి అడ్డంగా అన్ని దిశల్లోనూ కంపిస్తూ వస్తుంది. అది గాలి అణువుల మీద పడి చెదిరినప్పుడు, సూర్యుడికి సరిగ్గా 90 డిగ్రీల ఎడంలో ఉన్న ఆకాశం నుంచి మన కంటికి చేరే కాంతి ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది. దీనినే మీ పాఠ్యపుస్తకాల్లో ధ్రువణం అంటారు. నిలువు ఊచల కిటికీలోంచి గరిటెను నిలువుగా పట్టి ఇవతలికి ఇవ్వవచ్చు గాని అడ్డంగా పట్టి ఇవ్వలేము. పోలరైజరు చేసే పని దాదాపు అటువంటిదే. (భౌతికశాస్త్రం మాస్టారు ఈ పోలికకు పూర్తి మార్కులు వేయరు గాని, మన పనికి ఇది చాలు.) ఫిల్టరును తిప్పుతూ పోతే ఒకచోట ఆ ధ్రువిత కాంతి ఆగిపోతుంది, ఆ మేరకు ఆకాశం ముదురు నీలంగా మారుతుంది.

చిక్కంతా ఆ 90 డిగ్రీల దగ్గర ఉంది. ఆ ఎడం నుంచి అటూ ఇటూ జరిగేకొద్దీ ధ్రువణం తగ్గిపోతుంది. నిర్మలమైన ఆకాశాన్ని ఊహించుకొని, గరిష్ఠ స్థాయిని 100 అనుకొని లెక్క వేస్తే, సూర్యుడికి 60 డిగ్రీల దగ్గర అది 60కి, 45 డిగ్రీల దగ్గర 33కి దిగుతుంది. ఇప్పుడు మీ లెన్సు సంగతి చూడండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము అంత సెన్సరు ఉన్నది) మీద 50 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా 40 డిగ్రీలు మాత్రమే చూస్తుంది కనుక, చార నడుమన పడినా అంచుల్లో ధ్రువణం 79 దాకా నిలుస్తుంది, తేడా కంటికి అంతగా తెలియదు. 35 దగ్గర 54 డిగ్రీలు, అంచున 66. 24 దగ్గర 74 డిగ్రీలు, అంచున 47. మీ లెన్సును 16 మీద పెడితే అది ఏకంగా 97 డిగ్రీలు చూస్తుంది, అంచున మిగిలేది 28 మాత్రమే. నడుమ నూరు, అంచున ముప్పై కూడా లేని ఆకాశాన్ని ఏ ఫిల్టరూ సమం చేయలేదు. పైగా ఫిల్టరు ఎంత మేలురకమైతే చార అంత స్పష్టంగా కనిపిస్తుంది.

చార ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకోవడానికి చూపుడు వేలును సూర్యుడి వైపు చాచి, బొటనవేలిని దానికి లంబంగా ఉంచి, మణికట్టును తిప్పండి. బొటనవేలు ఆకాశంలో గీసే దారే ఆ చార. ఉదయం, సాయంత్రం అది ఉత్తర దక్షిణాలుగా నడినెత్తి మీదుగా సాగుతుంది. నా ఎర్రమట్టి దిబ్బల ఫొటోలు అందుకే పాడయ్యాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడైతే అదే చార క్షితిజం చుట్టూ వడ్డాణంలా పరుచుకుంటుంది, అప్పుడు ఎటు తిరిగినా నేలకు ఆనుకొని ఉన్న ఆకాశం ఒకే తీరుగా ముదురుతుంది. మన విశాఖలో మే నెల రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. ఆ మే ఎండలో కెమెరా పట్టుకొని తిరగమని మాత్రం నేను చెప్పను. మిగతా వేళల్లో ఆకాశం ఎక్కువగా వచ్చే దృశ్యమైతే లెన్సును 28కో 35కో జరుపుకోండి, లేదా ఫిల్టరును పూర్తిగా కాక సగమే తిప్పండి, అదీ కుదరకపోతే తీసి జేబులో వేసుకోండి. నాలుగైదు ఫొటోలు అతికించి పనోరమా చేసేటప్పుడు దాన్ని తీసేయడమే మంచిది, ఎందుకంటే కెమెరా తిరిగిన కొద్దీ ప్రతి ముక్కలోనూ ఆకాశం రంగు మారిపోతుంది.

ఇక కొనడం. మీలో చిన్నది అమ్మమ్మను అడిగిందట, సర్క్యులర్ అంటే గుండ్రంగా ఉండేదా అని. నవ్వకండి, పెద్దవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. గుండ్రని చట్రంలో లీనియర్ పోలరైజర్లు కూడా ఉంటాయి. సర్క్యులర్ పోలరైజరులో ముందు మామూలు పోలరైజరు పొర, దాని వెనుక క్వార్టర్ వేవ్ ప్లేట్ అనే మరో పొర ఉంటాయి. ఒకే దిశలో కంపిస్తూ వచ్చిన కాంతిని ఆ రెండో పొర మెలిపెట్టి లోపలికి పంపుతుంది. ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఫోకసుకూ వెలుగు కొలతకూ కాంతిని పంచే అద్దాలు లీనియర్ పోలరైజరుతో తప్పుదారి పడతాయి కనుక ఈ ఏర్పాటు వచ్చింది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దాలు లేవు కనుక చాలావాటిలో లీనియర్ కూడా పనిచేస్తుంది. అయినా అంగట్లో సులభంగా దొరికేది సర్క్యులరే కాబట్టి అదే తీసుకోండి.

వైడ్ యాంగిల్ లెన్సుకు మొదట చూడవలసింది చట్రం మందం. తిరిగే రింగు ఉండాలి కనుక పోలరైజరు చట్రం యూవీ ఫిల్టరు చట్రం కన్నా మందంగా ఉంటుంది. మామూలు రకం సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొని వస్తే, స్లిమ్ రకం నాలుగైదు దగ్గర ఆగుతుంది. 16 దగ్గర లెన్సు చూపు అంత వారగా పోతుంది కనుక, మందపాటి చట్రం అంచు ఫొటో నాలుగు మూలల్లోనూ నల్లగా పడవచ్చు. ఉన్న యూవీ ఫిల్టరును తీయకుండా దాని మీద పోలరైజరు బిగిస్తే ఈ బాధ ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఒకదాని మీద ఒకటి వద్దు. స్లిమ్ రకాల్లో కొన్నింటికి ముందు వైపు మర ఉండదు, అప్పుడు లెన్సు క్యాపు పట్టదు. కొనే ముందు మీ క్యాపు తీసుకెళ్ళి పెట్టి చూడండి.

కొలత విషయంలో మీ లెన్సు ముందు భాగం మీద రాసి ఉన్న అంకె 77 అని అమ్మమ్మ చెప్పింది. నా సలహా అడిగితే 82 మిల్లీమీటర్ల ఫిల్టరు కొని, చిన్న మరకు పెద్ద ఫిల్టరును కలిపే స్టెప్ అప్ రింగుతో మీ 77కు తగిలించుకోండి. ఫిల్టరు పెద్దదయ్యేసరికి చట్రం అంచు చూపుకు దూరమై మూలలు నల్లబడడం తగ్గుతుంది, రేపు 82 మర ఉన్న లెన్సు కొన్నా అదే పనికొస్తుంది. పక్క ఎండను ఆపే హుడ్ బిగించడానికి మాత్రం ఇబ్బంది అవుతుంది, అది ఓర్చుకోవాలి. నికాన్ 14–24 ఎఫ్ 2.8జీ వంటి, ముందు గాజు గుమ్మటంలా ఉబ్బి ఉన్న లెన్సులకు మర ఫిల్టరు అసలు పట్టదు, అటువంటిది ఎవరైనా చవకగా ఇస్తామన్నా ఈ సంగతి గుర్తుంచుకోండి.

గాజుకు రెండు వైపులా మల్టీ కోటింగ్ (తళుకును తగ్గించే పలుచని పూతలు) ఉండడం ముఖ్యం, ఎందుకంటే వెడల్పాటి లెన్సులోకి పక్కల నుంచి ఎండ సులభంగా దూరుతుంది. మనలాగా సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు పొరల అంచులు మూసి సీలు చేసిన రకం మేలు, చెమ్మ లోపలికి దిగదు. చట్రం ఇత్తడిదైతే మర బిగుసుకుపోవడం తక్కువ. అల్యూమినియం చట్రం పట్టేస్తే రింగు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి మెల్లగా తిప్పండి, పట్టకారుతో నొక్కవద్దు. వెలుగు ఎంత తగ్గుతుందో కూడా అడగండి. వెలుగు సగమైతే ఒక స్టాపు పోయినట్టు. మామూలుగా ఒకటిన్నర స్టాపు, కొన్నింటిలో రెండు పోతుంది, ఎక్కువ వెలుగును పంపే రకాల్లో ఒక స్టాపు దగ్గర ఆగుతుంది. రెండు స్టాపులంటే సెకనులో అరవయ్యో వంతు షట్టరు పదిహేనో వంతుకు దిగినట్టు.

దుకాణంలోనే చేయగల పరీక్షలు రెండున్నాయి. లెన్సుకు బిగించే మర వైపును అద్దానికి చూపిస్తూ ఫిల్టరును ఒక కంటి ముందు పట్టుకొని, దానిలోంచే అద్దంలో దాని ప్రతిబింబం చూడండి, గాజు నల్లగా కనిపించాలి. తిరగేసి పట్టుకుంటే మామూలుగా కనిపించాలి. అలా జరిగితే అది నిజంగా సర్క్యులరే. తరువాత ఎల్‌సీడీ ల్యాప్‌టాప్‌లో తెల్లని పేజీ తెరిచి, ఫిల్టరు ముందు వైపును తెరకు చూపిస్తూ వెనక నుంచి చూసి తిప్పండి. ఒకచోట తెర దాదాపు చీకటి కావాలి. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే ఆ పొర బలహీనమైనది. ఇంటికొచ్చాక లెన్సును 16 మీద, ఫోకసును అనంతం మీద, అపర్చరును ఎఫ్ 11 మీద పెట్టి తెల్లగోడను ఫిల్టరుతో ఒకసారి, లేకుండా ఒకసారి తీసి మూలలు పోల్చుకోండి.

ఆకాశం గురించి ఇంత భయపెట్టాక పోలరైజరు దేనికని అడుగుతారేమో. నా మట్టుకు వైడ్ యాంగిల్ లెన్సు మీద దాని అసలు కొలువు నేల మీదే. నీరు, ఆకులు, తడిసిన రాయి, నున్నని రాయి, వీటి మీద పడి తిరిగొచ్చే తళుకును అది తీసేస్తుంది, లోహపు తళుకును మాత్రం తీయలేదు. అరకు దగ్గర చాపరాయి వాగులో నీటి కింది బండ కనిపించాలన్నా, పాలంపేట రామప్ప గుడిలో నల్లరాతి మదనికల మీద ఆకాశపు తెలుపు పోయి చెక్కడం తేలాలన్నా దీనికి సాటి లేదు. నీటి మీద తళుకు పూర్తిగా పోయేది లంబానికి 53 డిగ్రీల వాలులో చూసినప్పుడే. వెడల్పాటి లెన్సు ఎన్నో వాలులను ఒకేసారి చూస్తుంది కనుక, ఫొటోలో ఒక పట్టీ మేర నీరు తేటబడి మిగతాది మెరుస్తూనే ఉంటుంది. కెమెరాను కిందికి వంచి ఆ పట్టీని మీకు కావలసిన చోటికి తెచ్చుకోండి.

ఈ కిటుకునే సి.వి. రామన్ 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ వాడారు. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబం మాత్రమేనన్న బ్రిటిష్ శాస్త్రవేత్త రేలీ మాటను పరీక్షించడానికి, నికల్ పట్టకాన్ని (పోలరైజరులా పనిచేసే స్ఫటికం) ఆ వాలులో పట్టి నీటి పైతళుకును ఆర్పివేసి చూస్తే, నీలం అలాగే నిలిచింది. ఆయన బాల్యం గడిచింది మన విశాఖలోనే, వాళ్ళ నాన్నగారు ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. రామకృష్ణా బీచిలో పోలరైజరు తిప్పినప్పుడల్లా నాకు ఆ ఓడ గుర్తొస్తుంది.

ఇంద్రధనుస్సు కనిపిస్తే మాత్రం జాగ్రత్త. దాని కాంతి కూడా ధ్రువితమే, విల్లు ఒంపు వెంట కంపన దిశ మారుతూ ఉంటుంది. కాబట్టి పూర్తి విల్లును పట్టే మీ లెన్సు మీద ఫిల్టరును ఎలా తిప్పినా ఒక భాగం మెరిసి, ఇంకో భాగం మాయమవుతుంది. నా దగ్గర అటువంటి సగం విల్లు ఫొటో ఒకటుంది, అమ్మమ్మ దాన్ని ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

నా పాత 82 మిల్లీమీటర్ల పోలరైజరూ 77 నుంచి 82 స్టెప్ అప్ రింగూ బీరువాలో ఉన్నాయి. చట్రం మందపాటిది, కోటింగు ఒక మూల పోయింది. అయినా దసరా సెలవులకు వచ్చినప్పుడు వాటిని మీ లెన్సుకు తగిలించి తెల్లగోడ పరీక్ష చేద్దాం. మూలలు నల్లబడకపోతే స్లిమ్ రకానికి పెట్టే డబ్బు మిగులుతుంది. వచ్చేటప్పుడు కెమెరా బ్యాటరీ చార్జరు మరిచిపోవద్దు, పోయినసారి మరిచిపోయారు.

ఇట్లు,
మీ తాతయ్య