దెబ్బలు తిన్న వీధి కుక్కలు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో వీధి కుక్కలకు వైద్యం చేయించి ఇళ్లు చూసే పని మాది. మాకు ఫోన్ చేసేవాళ్లకు జాలి ఉంటుంది, ఏదైనా చేయాలన్న తపనా ఉంటుంది. కానీ ఎవరో చెప్పిన మాట నమ్మి చేసే పనులతో కుక్కకు మేలు బదులు కీడు జరుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దెబ్బలు తిన్న కుక్క మచ్చిక కాదు, ఎప్పటికైనా కరుస్తుంది.

ఎన్నో కుక్కలకు ఇల్లు దక్కకుండా చేస్తున్నది ఈ మాటే. అలాంటి కుక్క కరిచేది పగతో కాదు, భయంతో. కరిచే ముందు చెబుతుంది కూడా. మొహం పక్కకు తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తోక కాళ్ల మధ్యకు ముడిచి బిగుసుకుపోతుంది. అప్పుడు మనం వెనక్కి తగ్గితే చాలావరకు అంతటితో సరి. కానీ చాలామంది సరిగ్గా అప్పుడే "ఏం చేయదులే" అంటూ తల మీద చెయ్యి వేస్తారు. పైనుంచి వచ్చే చెయ్యంటే దానికి తెలిసింది దెబ్బే.

బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ నుంచి తెచ్చిన ఒక ఆడకుక్కకు మనుషులంటే పెద్ద భయం లేదు, చీపురంటేనే భయం. పొద్దున్నే వరండా ఊడవడానికి చీపురు తీస్తే చాలు, గోడకు అతుక్కుపోయి ఉచ్చ పోసేసేది. మేం చీపురు దాచేయలేదు. గిన్నెకు దూరంగా నేల మీద పడేసి ఉంచాం, రోజూ కాస్త దగ్గరకు జరుపుతూ వచ్చాం. కొన్ని వారాలకు చీపురు పక్కనే నిలబడి పెరుగన్నం తినసాగింది. ఇప్పుడు పటమటలో ఒకరింట్లో హాయిగా ఉంది. చేతిలో చీపురు కదిలితే మాత్రం ఇప్పటికీ లేచిపోతుంది. ఆ ఇంటావిడ ఊడ్చే ముందు దాన్ని పెరట్లోకి పంపిస్తుంది. ఆ మాత్రం సర్దుకోగలిగితే చాలు.

అపోహ: ప్రేమగా ఒళ్లోకి తీసుకుంటే భయం అదే పోతుంది.

మొదటి రోజుల్లో దానికి కావాల్సింది మనం ముట్టుకోకపోవడమే. ఒక మూల, పాత దుప్పటి, నీళ్లు, రోజూ ఒకే వేళకు తిండి. మీరు నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి చూడకండి. దానికి ధైర్యం వచ్చిన రోజు అదే వచ్చి వాసన చూస్తుంది. తెచ్చిన రోజే స్నానం చేయించడం, ఇరుగుపొరుగును పిలిచి చూపించడం వద్దు.

బక్కచిక్కి వచ్చిన కుక్కకు ఒకేసారి కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే. రోజుల తరబడి పస్తులున్న ఒళ్లు తట్టుకోలేదు. కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. బిర్యానీలో మిగిలిన ఎముకలు అసలు వద్దు. ఉడికిన ఎముక మొనదేలి విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది.

అపోహ: పుండుకు పురుగులు పడితే కిరోసిన్ పోస్తే సరి.

పురుగుల మాటెలా ఉన్నా కింద పచ్చి కండ కాలిపోతుంది. కుక్క దాన్ని నాకితే విషం లోపలికీ పోతుంది. ఫినాయిల్ అయినా అంతే. ఇలాంటి పుండు మెడ తాడు వల్ల కూడా పడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు మెడకు కట్టిన నైలాన్ తాడును విప్పకుండా వదిలేస్తారు. కుక్క పెరుగుతుంది, తాడు పెరగదు. బొచ్చు చాటున చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగిపోతుంది. ముందు మనకు తెలిసేది కుళ్లు వాసనే. అలాంటి తాడును ఇంట్లో లాగకండి. మత్తు ఇచ్చి డాక్టరే తీయాలి. అప్పటిదాకా పుండు మీద ఈగ వాలకుండా పలుచని శుభ్రమైన గుడ్డ కప్పి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: కొట్టినవాణ్ని ఏం చేస్తారు, యాభై రూపాయల ఫైన్ కడతాడు.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే, నిజమే. అది మారాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. కానీ చట్టం అక్కడితో ఆగలేదు. చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయండి. వీడియో, డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్ జతచేయండి. కుక్క చనిపోతే పూడ్చే ముందే పోస్టుమార్టం అడగండి, తర్వాత ఆధారం దొరకదు.

అపోహ: ఊరవతల వదిలేస్తే అదే బతుకుతుంది.

కొత్తచోట అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. ఇక్కడ ఖాళీ అయిన చోటికి టీకా పడని వేరే కుక్కలు వస్తాయి. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల విషయంలో 2025 నవంబరులో సుప్రీంకోర్టు వేరుగా చెప్పింది, అక్కడ పట్టిన వాటిని తిరిగి అక్కడ వదలకూడదు. అదైనా మున్సిపాలిటీ చేయాల్సిన పని. మనం ఆటోలో వేసుకుని వారధి దాటించడం కాదు.

అపోహ: కుక్క గోరు గీసుకుంది, రక్తం రాలేదు, ఫర్వాలేదు.

మాతో కొత్తగా చేరే పిల్లలకు ముందు చెప్పేది దీని గురించే. రక్తం రాని గీతకైనా టీకా వేయించుకోవాల్సిందే. రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌తో వెంటనే పోరాడే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి. ముందుగా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పెట్టకూడదు. పది రోజులు కుక్కను చూసి అప్పుడు వెళ్దామనుకోవద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి దాదాపు బతకడు.

అపోహ: వీధి కుక్క అపార్ట్‌మెంట్‌లో ఇమడలేదు.

ఇముడుతుంది. మన ఎండలకు బొచ్చు దట్టంగా ఉండే జాతుల కంటే మన ఊరకుక్కే బాగా తట్టుకుంటుంది. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. దత్తత తీసుకునేవాళ్లను మేం అడిగేది ఒక్కటే, మొదటి వారాలు తలుపు దగ్గర జాగ్రత్త. గేటు శబ్దానికో, దీపావళి టపాసుకో బెదిరి పరిగెత్తిన కుక్కకు కొత్త ఇంటి దారి తెలియదు. మెడకు బెల్టుతో పాటు ఛాతీకి హార్నెస్ కూడా వేసి, రెండింటికీ గొలుసు తగిలించాకే బయటకు తీసుకెళ్లండి. బెల్టు మీద మీ ఫోన్ నంబరు రాయించండి.